ముంబైలో మళ్ళీ గుర్రపు పోలీసులు: కావాలా, వద్దా?

వర్లీ శ్రీను (2020 జనవరి 20)

నిన్న మహారాష్ట్ర హోంమంత్రి అనిల్ దేశ్‌ముఖ్ చెప్పిన సంగతి చూసే ఉంటారు. ముంబై పోలీసుల్లో గుర్రపు దళం మళ్ళీ పెడుతున్నారు. రోడ్లమీద మోటార్లు పెరిగాయని 1932లో తీసేసిన దళం ఇది. ఇప్పటికి 13 గుర్రాలు కొన్నారు, మొత్తం 30 అవుతాయట. ఒక సబ్ ఇన్‌స్పెక్టరు, ఒక అసిస్టెంట్ సబ్ ఇన్‌స్పెక్టరు, నలుగురు హవల్దార్లు, 32 మంది కానిస్టేబుళ్ళు. అంధేరీ మరోల్‌లో రెండున్నర ఎకరాల్లో గుర్రాలశాల. ఈ ఆదివారం శివాజీ పార్కు రిపబ్లిక్ డే పరేడ్‌లో మొదటిసారి జనానికి కనపడతాయి.

నేను కావాలనే అంటాను. వినాయక నిమజ్జనం రోజు గిర్గావ్ చౌపాటీ బీచ్‌లో నిలబడినవాళ్ళకి తెలుసు, కిందున్న కానిస్టేబుల్‌కి ముందున్నవాడి వీపు తప్ప ఏమీ కనపడదు. పైన కూర్చున్నవాడికి తప్పిపోయిన పిల్లాడు కనపడతాడు, తోపులాట ఎక్కడ మొదలైందో కనపడుతుంది. గుర్రంమీదున్న ఒక్క పోలీసు, కిందున్న 30 మందితో సమానమని మంత్రిగారు అన్నారు. ఆ లెక్క సంగతేమో గానీ విషయం మాత్రం నిజం. హైదరాబాద్‌లో ఉన్నాయి, చెన్నై మెరీనాలో ఉన్నాయి, మైసూరులో ఉన్నాయి. మనకెందుకు వద్దు?

దాదర్ ఉష

శ్రీనుగారూ, ముంబైలో జనం తొక్కిసలాటలో చచ్చిపోయింది ఎక్కడ? చౌపాటీలో కాదు. 2017 సెప్టెంబర్ 29న ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్ మెట్లవంతెన మీద. ఇరవైమందికి పైగా పోయారు. వానకి తలదాచుకున్నవాళ్ళు, రైలు దిగినవాళ్ళు అందరూ ఒకే ఇరుకు వంతెనమీద. ఆ మెట్లమీదికి గుర్రం ఎక్కుతుందా? మన ఊరి గుంపు రోజూ ఉండేది లోకల్ రైళ్ళలో, ప్లాట్‌ఫారాల మీద, వంతెనల మీద. గుర్రం వెళ్ళగలిగిన చోట మనకి గుంపుతో అంత కష్టమే లేదు.

ఇంకోటి. పోయిన నెల 19న ఆగస్ట్ క్రాంతి మైదానంలో పౌరసత్వ చట్టానికి వ్యతిరేకంగా వేలమంది పోగయ్యారు. పోలీసులు దగ్గరుండి దారి చూపించారు, జనం వాళ్ళకి థాంక్స్ చెప్పి ఇళ్ళకి వెళ్ళారు. అక్కడ ఒక్క గుర్రం లేదు. సరిగ్గా నెలకి ఇది ప్రకటించారు. మంచి ఉద్దేశంతోనే అనుకుందాం. కానీ ఆ మైదానంలో మనమీదికి అయిదువందల కిలోల జంతువు నడిచొస్తే ఎలా ఉంటుందో కూడా అనుకుందాం.

ట్రాఫిక్ బాధితుడు

సాకీనాకా దగ్గర గుర్రం కూడా సిగ్నల్ కోసం నలభై నిమిషాలు ఆగుతుంది. అప్పుడు మనకి ఒక తోడు దొరికినట్టే 😀

ఖరగ్‌పూర్ రావు

నేను పుట్టింది ఖరగ్‌పూర్‌లో, రైల్వే తెలుగువాళ్ళం. ఉద్యోగం కోల్‌కతాలో. ఇక్కడ గుర్రపు పోలీసులు 1840 నుంచి ఉన్నారు, ఎప్పుడూ ఆపలేదు. పొద్దున్నే మైదాన్‌లో కనపడతారు, ఈడెన్ గార్డెన్స్‌లో మ్యాచ్ ఉన్నా, ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ ఆట ఉన్నా టికెట్ల క్యూ పక్కన నిలబడతారు. లాఠీ ఎత్తకుండానే క్యూ సర్దుకుంటుంది. పిల్లలు వచ్చి తాకుతారు, పెద్దవాళ్ళు పేరడుగుతారు. బ్రిటన్‌లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు, రాండ్ యూరప్ సంస్థ కలిసి 2014లో దీనిమీదే ఒక అధ్యయనం చేశారు. నడిచి గస్తీ తిరిగే పోలీసులకంటే గుర్రంమీద తిరిగేవాళ్ళతో జనం ఆరు రెట్లు ఎక్కువసార్లు మాట కలిపారని అందులో తేలింది. పోలీసంటే భయపడే మన దేశంలో అది చిన్న విషయమా?

అయితే ఉషగారి మాటలో ఒకటి ఒప్పుకోవాలి. కోల్‌కతాకి మైదాన్ ఉంది. ఊరి నడిబొడ్డున అంత ఖాళీ ముంబైకి లేదు.

దాదర్ ఉష

జనం మాట కలిపింది గుర్రంతోనా, పోలీసుతోనా రావుగారూ? జుహూలో గుర్రం సవారీ వాడి దగ్గరకీ పిల్లలు పరిగెత్తుతారు. ఇదే అధికారం ఇంకోలా కూడా కనపడుతుంది. పోయిన ఆగస్టులో అమెరికాలో గాల్వెస్టన్ అనే ఊళ్ళో ఇద్దరు గుర్రపు పోలీసులు ఒక నల్లజాతి మనిషిని తాడు కట్టి నడిపించుకుంటూ పోయారు. ఆ ఫోటో చూసి దేశమంతా తిట్టింది, పోలీసు అధికారి క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. కార్లో ఎక్కించి ఉంటే అది వార్తే కాదు.

రిటైర్డ్ రౌతు

నేను గుర్రపు పోలీసుగా పనిచేసి దిగినవాణ్ణి. ఏ ఊరో వద్దులెండి. ఇక్కడ చాలామంది గుర్రం గుంపుమీదికి దూకుతుందన్నట్టు రాస్తున్నారు. అలా దూకించేవాడు రౌతే కాదు. గుర్రాన్ని గుంపుకి ఎదురుగా పెట్టం, అడ్డంగా తిప్పుతాం. పక్కకి అడుగులు వేయిస్తూ వస్తే జనం తమంతట తామే జరుగుతారు. ఎప్పుడూ ఇద్దరం జంటగా వెళ్తాం, కొత్త గుర్రం పక్కన అనుభవమున్న గుర్రాన్ని పెడతాం. పెద్దది బెదరకపోతే చిన్నది బెదరదు. డప్పులు, జెండాలు, టపాకాయలు అన్నీ మొదట దూరంనుంచి వినిపించి, చూపించి, రోజురోజుకీ దగ్గరికి తెస్తాం. నెలలు పడుతుంది. కొన్ని గుర్రాలకి ఎన్ని నెలలైనా రాదు, వాటిని పరేడ్‌కే ఉంచాలి.

కానీ ఒక షరతు ఉంది. జనం జరగాలంటే వాళ్ళ వెనక చోటుండాలి. వెనక గోడ ఉంటే, రేకుల కంచె ఉంటే, గుర్రాన్ని తీసుకెళ్ళడం తప్పు. ముందువాడు జరుగుతాడు, వెనకవాడు నలుగుతాడు. ఆ తల్లి చెప్పిన వంతెన అలాంటి చోటే. ఇంకోటి, దొంగ సందులో దూరితే మేం దిగి పరిగెత్తలేం, గుర్రాన్ని ఎవరికి అప్పజెప్పాలి? గస్తీ అంటే గుర్రం, దొంగని పట్టుకోవడమంటే మోటారుసైకిలు. ఈ రెండూ కలిపి మాట్లాడేవాళ్ళకి పని తెలియదు.

ట్రాఫిక్ బాధితుడు

బాబాయ్ గారూ, మరి డెహ్రాడూన్ గుర్రం సంగతి?

రిటైర్డ్ రౌతు

శక్తిమాన్. తెల్ల గుర్రం. 2016 మార్చి 14న అసెంబ్లీ దగ్గర ఊరేగింపులో వెనకకాలు విరిగింది. కాలు తీసేశారు, కృత్రిమ కాలు పెట్టారు, ఏప్రిల్ 20న చచ్చిపోయింది. కొట్టారా, జారిందా అని రాజకీయాలవాళ్ళు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నాకు ఆ వాదంతో పనిలేదు. కోపంగా ఉన్న గుంపు మధ్యలోకి, రాయీ ఇనుపకడ్డీ ఉన్నచోటికి ఎందుకు తీసుకెళ్ళారు అన్నదే నా ప్రశ్న. పండగ గుంపు వేరు, ధర్నా గుంపు వేరు. ముంబైవాళ్ళు మొదటిరోజే ఇది రాసి పెట్టుకోవాలి.

డాక్టర్ శారద (పశువైద్యం)

అందరూ పోలీసు గురించి మాట్లాడారు, నేను గుర్రం గురించి చెప్తాను. నాకు వ్యతిరేకత లేదు, కానీ ముంబై వాతావరణం గుర్రానికి కలిసొచ్చేది కాదు. గుర్రం మనలాగే చెమటతో ఒంటి వేడి తగ్గించుకుంటుంది. సముద్రపు తేమలో ఆ చెమట ఆరదు. మే నెల మధ్యాహ్నం డ్యూటీ వేస్తే వడదెబ్బే. రోజుకి ముప్పై లీటర్లకి పైగా నీళ్ళు కావాలి, డ్యూటీ స్థలంలో కూడా. జూన్‌నుంచి సెప్టెంబర్ దాకా నేల తడి. శాలలో పరుపుగడ్డి రోజూ మార్చకపోతే గిట్టల అడుగు కుళ్ళుతుంది. తారురోడ్డు, సిమెంటు మీద నడిస్తే కీళ్ళు దెబ్బతింటాయి, నాడా జారుతుంది. ఆరు వారాలకోసారి నాడాలు మార్చాలి, అది తెలిసిన పనివాళ్ళు మహాలక్ష్మి రేసుకోర్సు చుట్టుపక్కల తప్ప దొరకరు.

దాణా విషయం ఇంకా నాజూకు. గుర్రానికి వాంతి అవ్వదు. ఎవరో ప్రేమగా నిమజ్జనంలో ప్రసాదం పెడతారు, ఇంకొకరు లడ్డూలు. రాత్రికి కడుపుశూల, తెల్లారేసరికి ప్రాణంమీదికి. జనం తినిపించకుండా చూడటానికే పక్కన ఒక మనిషి కావాలి. శ్రీనుగారు చదివిన లిస్టులో ఇన్‌స్పెక్టర్లు, కానిస్టేబుళ్ళు ఉన్నారు. సైసులు, అంటే గుర్రాల్ని చూసుకునేవాళ్ళు, ఎంతమంది? డాక్టర్లు ఎంతమంది? నాడాలవాళ్ళు? 30 గుర్రాలకి వాళ్ళే ముందు కావాలి. ఇక మరోల్ నుంచి గిర్గావ్‌కి పాతిక కిలోమీటర్ల దాకా ఉంటుంది. రోజూ నడిపిస్తారా, లారీలో తెస్తారా?

వర్లీ శ్రీను

డాక్టరుగారూ, ఇవన్నీ చేస్తారనే కదా ప్రభుత్వం పెడుతున్నది. రేసుకోర్సు 1883 నుంచి ఇదే ఊళ్ళో ఉంది, అక్కడి గుర్రాలు ఈ తేమలోనే ఉంటున్నాయి.

డాక్టర్ శారద

ఉంటున్నాయి, ఎందుకంటే వాటిమీద కోట్ల పందెం నడుస్తుంది. ఒక్కోదానికి ఒక మనిషి. సర్కారు గుర్రంమీద అంత ఖర్చు పెడతామని ఎవరైనా రాసిస్తే నాకు సంతోషమే.

కామాఠీపురా కుర్రాడు

ఇక్కడ ఎవరూ అనని మాట నేనంటా. 2015లో హైకోర్టు విక్టోరియాలు, అంటే సవారీ గుర్రపు బళ్ళు, చట్టవిరుద్ధమంది, ఏడాదిలో తీసేయమంది. గుర్రాలకి సరైన శాల లేదు, హింస జరుగుతోంది అన్నారు. నిజమే కావచ్చు. మా వీధిలో బండి తోలేవాళ్ళు ఉండేవాళ్ళు, వాళ్ళ బతుకు పోయింది. ఇప్పుడు అదే ఊళ్ళో, అదే సిమెంటురోడ్డు మీద, సర్కారు గుర్రాలు తెస్తోంది. పేదోడి గుర్రానికి నొప్పి, పోలీసు గుర్రానికి గౌరవమా? తెచ్చేదే ఉంటే ఆ బళ్ళవాళ్ళని సైసులుగా పెట్టుకోండి. తరతరాలుగా గుర్రం తెలిసినవాళ్ళు. డాక్టరమ్మ అడిగిన మనుషులు వాళ్ళే.

డాక్టర్ శారద

ఇది మంచి మాట. కొందరి చేతికింద గుర్రాలు బక్కచిక్కి ఉండేవి, అది నేను కళ్ళారా చూశాను. కానీ శిక్షణ, జీతం ఇస్తే చూసుకోగలిగేవాళ్ళు చాలామంది ఉంటారు.

ఖరగ్‌పూర్ రావు

అయితే ఒక మధ్యేమార్గం. జుహూ, చౌపాటీ ఇసుకమీద, శివాజీ పార్కు, ఆజాద్ మైదాన్ లాంటి చోట్ల, అదీ తెల్లవారుజామున, సాయంత్రం మాత్రమే. ధర్నాలకి వద్దు, రోడ్డు గస్తీకి వద్దు. దానికి 30 అక్కర్లేదు, కొన్న 13 చాలు.

రిటైర్డ్ రౌతు

రావుగారు చెప్పింది పనిచేసేవాడి మాట. గుర్రంతో పని చేయించుకోవడం కంటే చేయించకూడని చోటు తెలియడం కష్టం.

వర్లీ శ్రీను

ఇసుకమీద, మైదానాల్లో అంటే నాకు సరే. కానీ నిమజ్జనం రోజు చౌపాటీలో కచ్చితంగా ఉండాలి, అది వదులుకోను. ఉషగారూ, ఇప్పుడైనా?

దాదర్ ఉష

నిమజ్జనం అంటే డీజే, టపాకాయలు, లక్షలమంది, వెనక సముద్రం. బాబాయ్ గారు చెప్పిన షరతు అక్కడ ఎలా కుదురుతుంది? సరే, అది పక్కన పెడదాం. గుర్రం పాతికేళ్ళకి పైగా బతుకుతుంది, డ్యూటీ అన్నేళ్ళు చేయలేదు. ముసలిదైతే ఏం చేస్తారు? వేలం వేస్తే మళ్ళీ జుహూ సవారీ బండికో, పెళ్ళి ఊరేగింపుకో పోతుంది.

రిటైర్డ్ రౌతు

కొన్ని చోట్ల వేలం వేస్తారు తల్లీ. అబద్ధం చెప్పను. చూసుకునే ఆశ్రమాలకి ఇచ్చిన చోట్లూ ఉన్నాయి.

దాదర్ ఉష

అయితే ముందు అది చెప్పమనండి. సైసులెవరు, ధర్నాకి పంపుతారా, ముసలివాటిని ఎక్కడ ఉంచుతారు. ఈ మూడూ ఉత్తర్వులో రాసి ఇచ్చేదాకా నాది వద్దనే.