ఓపిక పరీక్ష గురించి అడగాలి: మనస్తత్వ పుస్తకాలు చదివేవాళ్లు కాస్త చెప్పండి

అందరికీ నమస్కారం. మా పాపకి ఐదేళ్లు. మనస్తత్వవేత్త వాల్టర్ మిషెల్ చేసిన మార్ష్‌మెల్లో (ఒక మెత్తని మిఠాయి) పరీక్ష గురించి, అందులో తినకుండా ఆగగలిగిన పిల్లలే పెద్దయ్యాక చదువులో బాగా రాణిస్తారని చదివి, మొన్న పాప ముందు ప్లేట్లో ఒక సున్నుండ పెట్టాను. "నేనొచ్చేదాకా తినకుండా ఉంటే ఇంకోటి ఇస్తా" అని వంటింట్లోకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ప్లేటు ఖాళీ. మూతి చుట్టూ మినప్పిండి, కళ్లలో భయం. "ఆకలేసిందమ్మా" అంది. దాని భవిష్యత్తు ఏమవుతుందోనని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత ఇంకొంచెం చదివాను. మిషెల్ పరీక్షించిన, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నర్సరీ పిల్లల గురించి 1990లో వచ్చిన పరిశోధనలో, పెద్దయ్యాక వాళ్ల కాలేజీ ప్రవేశ పరీక్ష మార్కులు దొరికింది నూరు మంది లోపేనట. 2018లో 900 మందికి పైగా పిల్లల వివరాలతో మళ్లీ చూస్తే, ఓపికకీ చదువుకీ ఉన్న సంబంధం సగానికి పడిపోయింది. ఇంటి పరిస్థితులు కూడా లెక్కలోకి తీసుకుంటే ఇంకా చాలా తగ్గింది. పాపని ఊరికే భయపెట్టానే అని చాలా బాధేసింది.

మనస్తత్వవేత్త డేనియల్ కానమన్ 2011లో రాసిన పుస్తకంలో ఒక అధ్యాయం గురించి, చిన్న చిన్న అధ్యయనాలను అతిగా నమ్మానని 2017లో తనే ఒప్పుకున్నారు. అలా తమ మాటని తామే సరిచూసుకుని, మామూలు పాఠకులకి అర్థమయ్యేలా రాసేవాళ్లు ఇంకెవరున్నారు? ముఖ్యంగా పిల్లల మనస్తత్వం మీద, తెలుగులో ఉంటే మరీ మంచిది. పగలంతా పాపని చూసుకునేది మా అత్తగారే, ఆవిడ ఇంగ్లిషు చదవలేరు. మీరు చదివి బాగుందనుకున్నవే చెప్పండి, దయచేసి.