విజ్ఞాపన అయ్యాక మౌనంలో నిలవలేకపోతున్నాను

ప్రభువు నామంలో వందనాలు. మాది విజయవాడ, కృష్ణలంక. తెల్లవారుజామున 4:30కి, వీధిలో సందడి మొదలవకముందే, తలుపు వేసుకుని అరగంట ప్రార్థన చేస్తాను. మొదట 62వ కీర్తన పైకి చదవడం, తర్వాత స్తుతి, పాపాల ఒప్పుకోలు, విజ్ఞాపన. ఇంతవరకు మనసు నిలబడుతుంది. చివరి 10 నిమిషాలు ఏమీ అడగకుండా దేవుని సన్నిధిలో ఊరికే కూర్చోవాలని ఆశ. అసలు విశ్రాంతి అక్కడే కదా! కానీ మాటలు ఆగిన రెండు మూడు నిమిషాలకే కరెంటు బిల్లు, పిల్లల ఫీజు, నిన్న ఎవరో అన్న మాట వరసగా వచ్చేస్తాయి.

ఫోన్ వేరే గదిలో పెట్టాను. మోకాళ్ల మీద ఉంటే ధ్యాసంతా నొప్పి మీదకే పోతోంది, గోడకు ఆనుకుంటే కునుకు. పక్కన కాగితం పెట్టుకుని, వచ్చిన ఆలోచనను ఒక్క ముక్కలో రాసి వదిలేస్తే చింత తగ్గింది గానీ, చెయ్యి పెన్ను కోసమే చూస్తోంది. ఊపిరి తీస్తూ “యేసు ప్రభువా”, వదులుతూ “నన్ను కరుణించు” అనడం అన్నిటికన్నా మేలు. అయితే కాసేపటికి పెదవులు అంటూనే ఉంటాయి, మనసు ఎటో పోతుంది. రాత్రి పూట చేస్తే నిద్రే.

ఏకాంత ప్రార్థన అలవాటున్నవారు చెప్పండి: మౌనం చెదిరినప్పుడు మీరు మళ్లీ బైబిల్ వాక్యం తెరుస్తారా, లేక ఆ చిన్న ప్రార్థననే పట్టుకుని ఉంటారా?