నెలకి 83 డాలర్లా, ఒక్కసారి యాంటెన్నానా? డాలస్ వైపు వాళ్ళు చెప్పండి

ఫ్రిస్కో_బావ:
అందరికీ నమస్తే. మార్చిలో ఫ్రిస్కోలో ఇల్లు కొన్నాం. లైవ్ టీవీకి యూట్యూబ్ టీవీ కడుతున్నా, 2017లో మొదలెట్టినప్పుడు 35 డాలర్లు ఉండేది అది, ఇప్పుడు 82.99, దాని మీద టాక్సు, ఏడాది తిరిగేసరికి వెయ్యి దాటిపోతోంది. పోనీ అంత చూస్తామా అంటే ఆదివారం కౌబాయ్స్ మ్యాచ్, రాత్రి పదింటి లోకల్ న్యూస్, వడగళ్ళు పడేట్టున్నప్పుడు వెదర్, అంతే. ఆఫీసులో ఒకాయన అన్నాడు, అవన్నీ గాల్లో ఫ్రీగా వస్తుంటే డబ్బులెందుకు పోస్తున్నావ్ అని. సరే కదా అని 25 డాలర్లు పెట్టి కాగితంలా పల్చగా ఉండే యాంటెన్నా ఒకటి తెచ్చి హాల్లో కిటికీకి అంటించా, డబ్బా మీద 250 మైళ్ళు అని రాసుంది. ఫాక్స్ వస్తోంది, ఎన్బీసీ గాలివాటం, ఏబీసీ అయితే స్కాన్‌లోనే రావట్లేదు. మా ఆవిడ దాన్ని చూసి కిటికీకి ఆ చాట ఏంటి అంటోంది. ఇంకా పెద్దది కొని బయట పెడదామంటే మా హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ ఓనర్ల సంఘం) వాళ్ళు చెత్తడబ్బా గంట లేటుగా లోపల పెట్టినా లెటర్ పంపే రకం. ఇంతకీ ఇది అయ్యే పనేనా, నోరుమూసుకుని 83 కట్టుకోవడమేనా?

ఓటీటీ_రాజా:
బ్రో నోరుమూసుకుని కట్టుకో, లేదా అదీ మానెయ్, యాంటెన్నా మాత్రం వద్దు. లోకల్ న్యూస్ కావాలా, స్టేషన్ల యాప్‌లు ఫ్రీగానే ఉన్నాయి, టీవీకి పెట్టుకునే రోకూ డబ్బాలో వేసుకో. వెదర్ అంటావా, ఫోనే కేకపెట్టి మరీ లేపుతుంది. మిగిలింది ఫుట్‌బాల్, సెప్టెంబర్ నుంచి జనవరి దాకా కట్టి తర్వాత ఆపెయ్. మనోళ్ళకి కావాల్సింది క్రికెట్, అది యాంటెన్నాలో రాదు, తెలుగు ఛానల్ ఒక్కటీ రాదు. రాని వాటి కోసం నిచ్చెనెక్కి నడుం విరగ్గొట్టుకుంటే ఆ హాస్పిటల్ బిల్లుకి పదేళ్ళ టీవీ వస్తుంది.

అల్యూమినియం_పిచ్చోడు:
రాజా గారు ఎప్పుడూ ఇంతే, యాంటెన్నా అని కనిపిస్తే చాలు దిగిపోతారు 😀

బావా ముందు నీ సంగతి చూద్దాం. డాలస్ పెద్ద స్టేషన్ల టవర్లన్నీ దాదాపు ఒక్కచోటే, సిటీకి నైరుతిలో సీడర్ హిల్ దగ్గర. ఫ్రిస్కో నుంచి సుమారు 40 మైళ్ళు. ఆ 250 మైళ్ళు అనేది పచ్చి అబద్ధం, భూమి గుండ్రంగా ఉంది కదా, ఎంత ఎత్తు టవరైనా అరవై డెబ్బై మైళ్ళు దాటాక సిగ్నల్ నేలచాటుకి పోతుంది. డబ్బా మీద మైళ్ళు రాసిన యాంటెన్నా అంటేనే నాకు డౌటు. రాబిట్‌ఇయర్స్ సైట్‌లో నీ అడ్రస్ కొట్టు, ఏ ఛానల్ ఏ దిక్కు నుంచి ఎంత బలంగా వస్తుందో తేటగా చూపిస్తుంది.

ఏబీసీ ఎందుకు రావట్లేదంటే, టీవీలో కనపడే నంబర్ వేరు, అసలు ప్రసారమయ్యే ఛానల్ వేరు. 2009 జూన్ 12న పెద్ద స్టేషన్లన్నీ అనలాగ్ ఆపేసి డిజిటల్‌కి మారాయి, మారాక చాలావాటికి నంబర్ పాతదే ఉంది కానీ లోపల మాత్రం యూహెచ్ఎఫ్‌కి, అంటే పొట్టి తరంగాల బ్యాండ్‌కి పోయాయి. మన ఏబీసీ డబ్ల్యూఎఫ్ఏఏ మాత్రం నిజంగానే 8 మీదే వస్తుంది, అది వీహెచ్ఎఫ్, పొడుగు తరంగాల బ్యాండ్. నీ కిటికీకున్న కాగితం యూహెచ్ఎఫ్‌కి కొలిచి చేసింది, దానికి 8 అందదు. ఛానల్ తప్పేం లేదు, యాంటెన్నా చిన్నది, అంతే.

ఇంకోటి, అనలాగ్‌లో అయితే సిగ్నల్ తగ్గేకొద్దీ బొమ్మ చుక్కలు చుక్కలుగా అయినా కనపడేది. డిజిటల్‌లో అలా కాదు, వస్తే అద్దంలా వస్తుంది, గీతకి కాస్త కిందకి పోయిందా గళ్ళు గళ్ళుగా విరిగి నల్లగా అయిపోతుంది. నీ ఎన్బీసీ ఆ గీత మీద ఊగుతోంది.

విశ్రాంత_ఇంజనీరు:
బాబూ, నేను ప్లానోలో మా అబ్బాయి దగ్గరికి వచ్చి ఉన్నాను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ వైర్‌లెస్ పనే. పై కుర్రవాడు చెప్పింది సరైనదే, లెక్క కూడా చెబుతాను. ఛానల్ 8 అంటే 180 నుంచి 186 మెగాహెర్ట్జ్. దాని తరంగం పొడవు సుమారు 1.6 మీటర్లు, కడ్డీ అందులో సగం ఉండాలి, అంటే 80 సెంటీమీటర్ల పైమాటే. 600 మెగాహెర్ట్జ్ దగ్గర అదే కడ్డీ జానెడున్నా సరిపోతుంది. అడుగు కాగితంలో 80 సెంటీమీటర్లు ఎలా పడుతుంది? కొనేటప్పుడు పొడుగు కడ్డీలు ఉన్నాయో లేదో చూసుకోండి, డబ్బా మీది మాటలు చదవకండి.

ఓటీటీ_రాజా:
అంకుల్ నమస్తే, లెక్క బావుంది. కానీ మన ఊళ్ళో కూడా ఇప్పుడు ఎవరూ ఆ కడ్డీలు పెట్టట్లేదు కదండీ, ఫ్రీ కావాలంటే డీడీ ఫ్రీ డిష్ పెట్టుకుంటున్నారు.

విశ్రాంత_ఇంజనీరు:
అది వేరు బాబూ. ఫ్రీ డిష్ జీశాట్-15 ఉపగ్రహం నుంచి గొడుగులోకి దిగేది. ఇక్కడివాళ్ళు మాట్లాడుతున్నది నేల మీది టవర్ నుంచి వచ్చేది. నెలకి డబ్బు కట్టక్కర్లేదు అన్నంత వరకే పోలిక.

ఇర్వింగ్_ఇల్లాలు:
మా ఇంట్లో నాలుగేళ్ళుగా యాంటెన్నానే, చాలా హ్యాపీ. మాకు టవర్లు దగ్గర కాబట్టి చిన్నదే చాలింది, మొదట్లో మా ఆయన అతి తెలివికి పోయి యాంప్లిఫయర్ కూడా తగిలించాడు, ఉన్న ఛానళ్ళు కూడా పోయాయి, దగ్గర్లో ఉన్నవాళ్ళకి అది పెడితే ట్యూనర్ ఉక్కిరిబిక్కిరై ఏదీ పట్టదంట, పీకేస్తే అన్నీ వచ్చాయి. నాకు నచ్చింది ఏంటంటే పీబీఎస్ కిడ్స్, పొద్దస్తమానం పిల్లల ప్రోగ్రాములే, మధ్యలో బొమ్మలు కొను బొమ్మలు కొను అనే గోల లేదు, యూట్యూబ్‌లో లాగా ఒకటి చూస్తూ చూస్తూ ఇంకేదో దాంట్లోకి పోయే భయం లేదు. కానీ నిజం కూడా చెప్పాలి, అత్తగారు వచ్చిన ఆర్నెల్లూ మా యాంటెన్నా టీవీ ఆన్ చేసిన పాపాన పోలేదు, ఆవిడకి సీరియళ్ళు కావాలి, దానికి విడిగా కట్టాం.

హైద్రాబాదీ_అలెన్ల:
అన్నా హెచ్‌ఓఏకి ఏం భయపడకు. ఎఫ్‌సీసీ అని ఇక్కడ టీవీ ప్రసారాలు చూసే సర్కారీ సంస్థ, దాన్ది ఓటార్డ్ అని రూలున్నది, 1996 సంది. నీ సొంత ఇంటి మీద, నీ ఒక్కనిదే అయిన జాగల టీవీ యాంటెన్నా పెట్టుకుంటే హెచ్‌ఓఏ వద్దనలేదు. డిష్ అయితే మీటర్ లోపు ఉండాలె, టీవీ యాంటెన్నాకి ఆ సైజు లెక్క కూడ లేదు. ముందు పర్మిషన్ తీస్కో, ఫీజు కట్టు, రెండు నెలలు ఆగు అని కూడ అనొద్దు. మాకు లెటర్ వస్తే ఆ రూల్ ప్రింట్ తీసి పంపిన, మల్ల సప్పుడు లేదు.

బోర్డు_మెంబర్:
నేను మా కాలనీ హెచ్‌ఓఏ బోర్డులో ఉన్నా, తిట్టుకోండి పర్లేదు. రూల్ ఉన్న మాట నిజమే కానీ సగమే చెప్పారు. రోడ్డుకి కనపడకుండా వెనకవైపు పెట్టమని మేం అడగొచ్చు, అక్కడ సిగ్నల్ సరిగ్గా అందుతుండి, ఖర్చు మరీ పెరగకుండా ఉంటే. సేఫ్టీ సంగతి కూడా అడగొచ్చు. ఇంకా ముఖ్యమైంది, టౌన్‌హోమ్ కాండోల్లో పైకప్పు అందరిదీ, అక్కడ ఈ రూల్ పనిచెయ్యదు, బాల్కనీ వరకే మీ హక్కు. మొన్న ఒకాయన అందరి గోడకీ మేకులు కొట్టి ఓటార్డ్ ఓటార్డ్ అని అరిచాడు. ముందొక ఈమెయిల్ పడేస్తే సగం గొడవలుండవు కదండీ.

హైద్రాబాదీ_అలెన్ల:
సార్ గా ఈమెయిల్‌కి జవాబు రావాలంటేనే నాలుగు మీటింగులు పడ్తయ్ మా దగ్గర.

ఓటీటీ_రాజా:
సరే రూల్ ఉంది, యాంటెన్నా పెట్టాడు అనుకుందాం. ఎన్నాళ్ళు? ఏటీఎస్‌సీ 3.0 వస్తోంది, నెక్స్ట్‌జెన్ టీవీ అంటున్నారు. 2025 ఫిబ్రవరిలో స్టేషన్ల సంఘం ఎన్ఏబీ ఎఫ్‌సీసీకి పిటిషన్ పెట్టింది, పెద్ద 55 మార్కెట్లలో 2028 ఫిబ్రవరికి, మిగతాచోట్ల 2030కి పాత ప్రసారం ఆపేద్దాం అని. డాలస్ ఆ పెద్దవాటిల్లోదే. పైగా కొత్తదాంట్లో చాలా ఛానళ్ళకి తాళం వేస్తున్నారు, డీఆర్ఎం. గాల్లో వచ్చే ఫ్రీ టీవీకి తాళమేంటో నాకైతే అర్థం కాదు. ఎల్జీ వాళ్ళయితే పేటెంట్ కేసు తర్వాత 2024 మోడళ్ళలో ఆ ట్యూనరే తీసేశారు. ఇప్పుడు కొన్న టీవీలో అది లేకపోతే మళ్ళీ ఆ ట్యూనర్ ఉన్న డబ్బా విడిగా కొనాలి. ఇదా మీ ఫ్రీ?

అల్యూమినియం_పిచ్చోడు:
ఈ ఒక్క పాయింట్‌లో రాజా గారికి నా ఓటు, ఆ తాళం దరిద్రం. నేనూ రికార్డర్ పెట్టుకున్నవాణ్ణే, తాళం ఉన్న ఛానల్ ఎక్కడ పడితే అక్కడ రికార్డ్ చేసుకుని చూద్దామంటే కుదరదు. కానీ అది ట్యూనర్ గొడవ, యాంటెన్నాది కాదు. 3.0 వచ్చేదీ అదే వీహెచ్ఎఫ్ యూహెచ్ఎఫ్ మీదే, కడ్డీలు కేబుల్ అన్నీ పనికొస్తాయి. పెట్టిన ఖర్చులో పోయేది డబ్బా ఖర్చు.

క్రికెట్ రాదన్నారు, ఒప్పుకున్నా. ఫుట్‌బాల్ సంగతి మాత్రం సగమే చెప్పారు. కౌబాయ్స్ ఆట కేబుల్‌లో ఉన్నా, స్ట్రీమింగ్‌లో ఉన్నా, డాలస్‌లో లోకల్ ఛానల్‌లో కూడా వెయ్యాలి, ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ పద్ధతే అది, ఆడే టీముల ఊళ్ళలో ఫ్రీగా ఇవ్వాలి. 2024-25 సీజన్ నుంచి మన బాస్కెట్‌బాల్ టీమ్ మావెరిక్స్ లోకల్ మ్యాచ్‌లు కూడా గాల్లోకి వచ్చాయి. ఇంకో ఊళ్ళో ఉన్నవాళ్ళ సంగతి వేరు, డాలస్‌లో ఉండి ఆటల కోసం కడుతున్నానంటే నాకు నవ్వొస్తుంది.

ఆ 83లో లోకల్ ఛానళ్ళకి పోయేది కూడా ఉంది. 1992 చట్టం ప్రకారం స్టేషన్ మూడేళ్ళకోసారి కేబుల్‌వాడిని, నన్ను వేసుకోవాలంటే డబ్బులివ్వు అని అడగొచ్చు. గాల్లో ఊరికే వదిలేదాన్నే వైరులో అమ్ముతున్నారన్నమాట. నెట్‌లో ఫ్రీగా ఇస్తామన్న లోకాస్ట్ కోర్టులో ఓడి 2021లో మూతపడింది.

ఇక బావా, బయట వద్దు అటకలో పెడదాం అనుకుంటావ్, నేనూ అనుకున్నా. మా ఇల్లు మెకిన్నీ, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. బుద్ధి లేక జులై మధ్యాహ్నం అటకెక్కా. చెమట కళ్ళల్లోకి కారుతోంది, ఫోన్ లైట్ వేసి తలెత్తి చూస్తే పైకప్పు చెక్కలకి లోపలివైపంతా వెండిరేకు మెరుస్తోంది, బిర్యానీ పొట్లంలో కూర్చున్నట్టుంది నాకు. ఎండ వేడి ఆపడానికి టెక్సస్‌లో కొత్త ఇళ్ళకి అలా వేస్తారు, రేడియంట్ బారియర్. వేడితో పాటు టీవీ సిగ్నల్‌నీ ఆపుతుంది. పెట్టి స్కాన్ చేస్తే తొమ్మిది ఛానళ్ళొచ్చాయి, అందులో సగం షాపింగువే. దిగొచ్చి స్నానం చేసి పడుకున్నా.

మర్నాడు పెరట్లో నిలబడి చూస్తే పాత ఓనర్ వదిలేసిన శాటిలైట్ డిష్ గోడకి అలాగే ఉంది. గిన్నె విప్పి పక్కన పడేసి ఆ వంకర పైపుకే యాంటెన్నా బిగించా, నైరుతికి తిప్పా. కేబుల్ కూడా అక్కడే ఉంది, బట్టల అల్మరా గదిలో ఉండే తెల్ల డబ్బాలోకి పోతోంది, అన్ని గదుల వైర్లూ అక్కడికే వస్తాయి. మధ్యలో డిష్ వాళ్ళ స్విచ్ ఒకటి ఉంటే తీసేసి మామూలు స్ప్లిటర్ పెట్టా. రెండుగా చీలిస్తే ఒక్కో దారికి 3.5 డెసిబెల్, నాలుగైతే 7 పోతుంది, అందుకే వాడని గదుల వైర్లు కలపొద్దు. మొత్తం ఖర్చు నూరు లోపే. ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు, బయట పెడితే పైపుకీ కేబుల్‌కీ గ్రౌండ్ (మన ఎర్త్ వైరు) కట్టాలి, మన ఉరుములు తెలుసుగా.

ఇర్వింగ్_ఇల్లాలు:
బిర్యానీ పొట్లం 😂 మా ఆయనకి చదివి వినిపించా.

ఓటీటీ_రాజా:
కథ బావుంది అన్నా. కానీ నువ్వే చెప్పావ్, ఒక మధ్యాహ్నం, ఒక మర్నాడు, ఒక నిచ్చెన, ఒక స్ప్లిటర్. నేను రిమోట్ నొక్కుతా, వస్తుంది. ఎవడి పిచ్చి వాడికానందం.

అల్యూమినియం_పిచ్చోడు:
పేరులోనే ఉంది కదా రాజా గారూ.

ఫ్రిస్కో_బావ:
అప్‌డేట్. రెండు వారాలైంది. పొడుగు కడ్డీలున్నది 70 డాలర్లకి కొన్నా. మా ఇంటికి పాత డిష్ లేదు, పెరటివైపు చూరు కింద కొత్త పైపు బిగించా, బావమరిది నిచ్చెన పట్టుకున్నాడు. ముందు బోర్డు మెంబర్ గారు చెప్పినట్టే హెచ్‌ఓఏకి ఈమెయిల్ పెట్టా, అలెన్ అన్న చెప్పినట్టే ఇప్పటిదాకా జవాబు రాలేదు, పెట్టేశా. స్కాన్‌లో 8 వచ్చింది! బొమ్మ నిజంగా యూట్యూబ్ టీవీ కంటే తేటగా ఉంది, గడ్డి గడ్డిలా కనపడుతోంది. మా ఆవిడ చూసి బావుంది అంది, అని, నవంబర్‌లో అమ్మావాళ్ళు గుంటూరు నుంచి వస్తున్నారు వాళ్ళేం చూస్తారు అంది. యూట్యూబ్ టీవీ అయితే ప్రస్తుతానికి పాజ్‌లో పెట్టాం, క్యాన్సిల్ చెయ్యడానికి ఆవిడ ఒప్పుకోలా.

ఓటీటీ_రాజా:
పాజ్ 😂 చెల్లెమ్మకి నా నమస్కారం చెప్పు బ్రో.

అల్యూమినియం_పిచ్చోడు:
సూపర్ బావా. శనివారం ఉరుములతో వాన అంటున్నారు, గ్రౌండ్ వైరు కట్టావా?

ఫ్రిస్కో_బావ:
తెచ్చా అన్నా. గరాజ్‌లో ఉంది.

విశ్రాంత_ఇంజనీరు:
గరాజులో ఉంటే పిడుగుకి తెలియదు బాబూ. ఇవాళే కట్టండి.