ఒకే పెద్ద హైస్కూలా, పన్నెండు చిన్నవా? అలెన్, ఫ్రిస్కో విధానాలపై చర్చ

ప్రశ్న:
డాలస్‌కు ఉత్తరాన మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా స్థిరపడుతున్న రెండు శివారు పట్టణాలలో ప్రభుత్వ హైస్కూళ్లను నడిపే తీరు పూర్తిగా వేరు. అలెన్ స్కూల్ డిస్ట్రిక్టు తొమ్మిదో తరగతిని విడిగా ఉంచి, మిగిలిన ఐదు వేలకు పైగా విద్యార్థులను ఒకే హైస్కూలులో చదివిస్తోంది. ఫ్రిస్కో మాత్రం సుమారు 2,100 మందికి సరిపోయే స్కూళ్లను ఒక్కొక్కటిగా కడుతూ 2022 నాటికి పన్నెండుకు చేరింది. ఆటపాటల మీద ఆసక్తి ఉన్న పిల్లలకు ఏది మేలు?

మొదటి సమాధానం:
నా ఓటు అలెన్‌కే. 2009లో ఓటర్లు ఆమోదించిన సుమారు 12 కోట్ల డాలర్ల బాండులో (స్కూలు నిర్మాణాల కోసం డిస్ట్రిక్టు తీసుకొనే అప్పులో) 18,000 మంది కూర్చునే స్టేడియం, కళాప్రదర్శనశాల రెండూ ఉన్నాయి. శుక్రవారం రాత్రి ఊరంతా ఒకే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కోసం కదులుతుంది. ఆ జట్టు 2012 నుంచి 2014 వరకు వరుసగా మూడేళ్లు టెక్సస్ ఛాంపియన్‌గా నిలిచింది.

రెండో సమాధానం:
ఆ విజయాలు గొప్పవే, అయితే వాటికి స్టేడియమే కారణమనుకోవడం సరికాదు. 2012లో తెరిచిన ఆ స్టేడియాన్ని కాంక్రీటులో పగుళ్లు కనబడడంతో 2014లో మూసివేశారు. ఆ ఏడాది సొంత మైదానం లేకుండానే ఆడి అలెన్ టైటిల్ గెలిచింది. నేను చూసేది గెలిచిన జట్టును కాదు, జట్టులో చోటు దొరకని పిల్లలను. బాస్కెట్‌బాల్ కోర్టులోకి ఏ స్కూలు తరఫునైనా ఐదుగురే దిగుతారు; టెన్నిస్‌లోనూ ఒక్కో స్కూలు పోటీకి పంపగలిగే వారి సంఖ్యకు పరిమితి ఉంది. పన్నెండు స్కూళ్లుంటే ఒక్కో ఆటలో పన్నెండు వర్సిటీ జట్లు, అంటే స్కూలు తరఫున ఆడే ప్రధాన జట్లు, ఉంటాయి. అసాధారణ ప్రతిభ లేకపోయినా నాలుగేళ్లు శ్రద్ధగా సాధన చేసిన అమ్మాయికి అక్కడ స్కూలు జెర్సీ వేసుకొనే అవకాశం దొరుకుతుంది, ఆ వయసులో అది చిన్న విషయం కాదు.

బ్యాండు విషయంలో మాత్రం నా వాదన నిలవదని ఒప్పుకుంటాను. దాదాపు 800 మందితో కవాతు చేసే అలెన్ బ్యాండులో పెద్ద సంఖ్యే బలం. వాయించడం నేర్చుకున్న పిల్లవాడికి అక్కడ చోటు దొరుకుతుంది.

మొదటి సమాధానం రాసినవారు:
పన్నెండు చోట్ల జిమ్ములు, శిక్షకులు, బస్సులు కావాలంటే డబ్బు ఎవరివ్వాలి? 2024 నవంబరులో ఫ్రిస్కో ఓటర్లు బాండ్లను, పన్ను రేటు పెంపును తిరస్కరించారు కదా?

రెండో సమాధానం రాసినవారు:
తిరస్కరించారు, ఆ భారం నిజమైనదే. అందుకే ఫ్రిస్కో ఖరీదైన వాటిని స్కూలుకొకటి చొప్పున కట్టలేదు. డాలస్ కౌబాయ్స్ అనే వృత్తి ఫుట్‌బాల్ జట్టు సాధన చేసే 12,000 సీట్ల ఫోర్డ్ సెంటర్‌ను స్కూళ్లన్నీ పంచుకుంటాయి. 2008లో తెరిచిన వృత్తివిద్యా కేంద్రానికి అన్ని హైస్కూళ్ల పిల్లలూ బస్సుల్లో వెళ్లి యంత్రాల మీద పని నేర్చుకుంటారు. స్టేడియాన్ని పన్నెండు స్కూళ్లు పంచుకోగలవు గాని, వర్సిటీ జట్టులోని ఒక్క చోటును ఇద్దరు పిల్లలు పంచుకోలేరు కదండీ. బాండు మళ్లీ ఓటుకు వచ్చినప్పుడు నేను అడగబోయేది కూడా ఇదే: కట్టబోయే భవనం ఎంత పెద్దదని కాదు, దానివల్ల కొత్తగా ఎంతమంది పిల్లలకు చోటు దొరుకుతుందని.