తొమ్మిదో రోజు నీటి పొక్కులు.. హెర్పిస్ అయి ఉంటుందా?

నిద్రపట్టని_కుర్రాడు:
నాకు 26. అమీర్‌పేటలో హాస్టల్లో ఉంటాను. తొమ్మిది రోజుల క్రితం ఒకమ్మాయితో కలిశాను, కండోమ్ వాడాం. మొన్నటి నుంచి కింద మూడు నీటి పొక్కులు, మంట. గజ్జల్లో బిళ్ల కట్టింది. భయపడి హెర్పిస్ ఐజీఎం అనే రక్తపరీక్ష చేయిస్తే పాజిటివ్ అని వచ్చింది. వచ్చే నెల పెళ్లిచూపులు. ఇది హెర్పిసేనా? ఆ అమ్మాయికి చెప్పాలా? హెచ్‌ఐవీ టెస్ట్ కూడా చేయించాలా? మూడు రోజులుగా అన్నం సహించడం లేదు.

గోదారోడు:
షేవింగ్ చేశావా తమ్ముడూ? నాకూ ఇలాగే వస్తే నెల రోజులు నరకం చూశాను. చివరికి వెంట్రుక లోపలికి తిరిగి చీము పట్టిందన్నారు. ముందు ఆ రేజర్ పారెయ్.

ల్యాబ్_అన్న:
పన్నెండేళ్లుగా ల్యాబ్‌లో పనిచేస్తున్నాను, నా మాట విను. ఆ ఐజీఎం రిపోర్ట్ పక్కన పెట్టు. ఏమీ లేనివాళ్లకీ పాజిటివ్ చూపిస్తుంది, ఎప్పటిదో పాతది తిరగబెట్టినా చూపిస్తుంది. ఐజీజీ అనే ఇంకో రక్తపరీక్ష కొంత నయం, కానీ అది తేలడానికి పన్నెండు వారాల దాకా పట్టొచ్చు. పొక్కు పచ్చిగా ఉండగానే దూదిపుల్లతో నమూనా (స్వాబ్) తీయించి, వైరస్‌నే నేరుగా పట్టే పీసీఆర్ పరీక్ష చేయించు. పెచ్చు కట్టాక వెళ్తే వైరస్ ఉన్నా దొరక్కపోవచ్చు. ఇవాళే వెళ్లు.

కరీంనగర్_బిడ్డ:
మా నాయనమ్మకి నడుము చుట్టూ ఇలాంటి పొక్కులే వచ్చాయి. డాక్టర్ చీటీలో కూడా హెర్పిస్ అనే రాశారు. ఊళ్లో అక్కి రాయించాం, మూడు వారాల్లో మాడిపోయాయి. అన్నిటికీ టెస్టులేనా?

ల్యాబ్_అన్న:
అది హెర్పిస్ జోస్టర్. చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ వైరస్ నరాల్లో దాక్కుని మళ్లీ లేస్తుంది. ఈ కుర్రాడు అడిగేది హెర్పిస్ సింప్లెక్స్ గురించి. ఒకే కుటుంబం, వేరే వైరస్‌లు. రెండూ కలిపేసి అతన్ని ఎర్రమట్టి పూయించుకోవడానికి పంపకండి. అక్కి రాయించకపోయినా ఆ మూడు వారాలకి మానేదే.

కరీంనగర్_బిడ్డ:
మాటలు జాగ్రత్త అన్నా. ముసలావిడ రాత్రంతా నొప్పికి ఏడుస్తుంటే వచ్చి రాసిన పెద్దాయన పైసా తీసుకోలేదు. మీ ల్యాబ్ వాళ్లు మాత్రం పనికిరాని ఐజీఎంకి డబ్బులు తీసుకున్నారు కదా!

గోదారోడు:
పెద్దాయన మంచివాడే కావచ్చు. మా మేనమామకి కంటి పక్కన వస్తే మేమూ అక్కి రాయిస్తూ కూర్చున్నాం. ఆసుపత్రికి వెళ్లేసరికి ఆ కన్ను దెబ్బతింది. మొదటి మూడు రోజుల్లోనే మందు పడాల్సిందన్నారు.

వానచినుకు:
అక్కి గొడవ ఆపుతారా? నేను ఎవరి దగ్గరికీ వెళ్లకుండానే నాకు వచ్చింది. మా ఆయనకి పెదవి మీద పొక్కు ఉంటే జ్వరం పొక్కులే అనుకున్నాం. నోటి నుంచి కిందికి అంటింది, సింప్లెక్స్‌లో టైప్ 1 రకం. డాక్టరమ్మ చెప్పేదాకా మా అత్తగారు నన్ను అనుమానంగా చూశారు. ఆయన ఒక్కసారి కూడా 'నా వల్లే' అనలేదు. తమ్ముడూ, ఆ అమ్మాయికి చెప్పు. నింద వేయకుండా చెప్పు. ఆమెకీ తెలియకపోవచ్చు.

గోదారోడు:
ఆ అమ్మాయికి చెప్పొచ్చు. పెళ్లిచూపుల్లో చెప్తే మాత్రం పిల్లనెవరిస్తారమ్మా?

వానచినుకు:
దాచి కట్టబెడితే ఆ పిల్ల నాలాగే ఏడవాలా? మీ చెల్లెలైతే ఇదే మాట అంటారా?

ఆరేళ్ల_అనుభవం:
నాకు టైప్ 2 ఉంది, అందుకే రాస్తున్నాను. కండోమ్ రిస్క్ తగ్గిస్తుంది కానీ అది కప్పని చర్మం నుంచి అంటుకోవచ్చు, పొక్కులు కనిపించనప్పుడు కూడా. సాధారణంగా రెండు నుంచి పన్నెండు రోజుల్లో బయటపడుతుంది కాబట్టి నీ తొమ్మిదో రోజు అందులోకే వస్తుంది. మొదటిసారే బాగా బాధపెడుతుంది. నాకు మొదటి ఏడాది ఐదుసార్లు వచ్చింది, ఇప్పుడు ఏడాదికి ఒకసారి. వైరస్‌ని ఒంట్లోంచి పూర్తిగా తీసేసే మందు లేదు. 'శాశ్వతంగా పోగొడతాం' అన్నవాళ్లకి నేను నలభై వేలు పోశాను, నువ్వు పోయకు. ఎసైక్లోవిర్ లాంటివి డాక్టర్ రాసిస్తారు, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు.

పెళ్లికి ముందే మా ఆవిడకి చెప్పాను. రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత తనే నాతో డాక్టర్ దగ్గరికి వచ్చింది. కడుపుతో ఉన్నప్పుడు ముందే చెప్పాం, చివరి నెలల్లో కొత్తగా అంటితే బిడ్డకి ప్రమాదమని చాలా జాగ్రత్తలు చెప్పారు. పాపకి ఇప్పుడు రెండేళ్లు.

హెచ్‌ఐవీ, సిఫిలిస్ కూడా చూపించుకో. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇలాంటి లైంగిక వ్యాధులు చూసే సురక్ష క్లినిక్ ఉంటుంది, ఐసీటీసీ అనే హెచ్‌ఐవీ సలహా, పరీక్షా కేంద్రంలో టెస్ట్ ఉచితం. ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేస్తే దగ్గరలో ఎక్కడుందో చెప్తారు.

నిద్రపట్టని_కుర్రాడు:
వెళ్లొచ్చాను. హెర్పిస్‌లాగే ఉందన్నారు, స్వాబ్ తీశారు. రిపోర్ట్ శుక్రవారం. మాత్రలు ఇప్పుడే మొదలుపెట్టమన్నారు. హెచ్‌ఐవీ నెగెటివ్, మళ్లీ మూడు నెలలకి చేయించుకోమన్నారు. ఆ అమ్మాయికి మెసేజ్ పెట్టాను. చూసింది, జవాబు రాలేదు.

వానచినుకు:
ఆమెకి కాస్త టైమ్ ఇవ్వు తమ్ముడూ. మళ్లీ మళ్లీ పెట్టకు.

కరీంనగర్_బిడ్డ:
ల్యాబ్ అన్నా, ఒక్క మాట. నాయనమ్మకి పొక్కులు మాడి ఆరు నెలలైంది. ఇంకా చీర తగిలినా మంట అంటుంది. ఏ డాక్టర్‌కి చూపించాలి?