చదివింపులు: అప్పటి లెక్కా, ఇప్పటి ధరా?

గోదారిగట్టు:
ఇంట్లో నిన్నటి నుంచి పంచాయితీ. 2005లో నా పెళ్లికి నాన్నగారి స్నేహితుడొకరు 516 చదివించారు. ఎర్ర అట్ట పుస్తకంలో బాబాయి చేతిరాతతో ఉంది. ఈ నెలాఖరున ఆయన మనవరాలి పెళ్లి. అమ్మ 1116 చాలంటోంది. మా ఆవిడేమో 5116 లేకపోతే మొహం ఎలా చూపిస్తామంటోంది. మీరేమంటారు?

లెక్కలమాస్టారు:
2005లో తులం బంగారం ఏడు వేలకు అటూఇటూ. 516కి ముప్పావు గ్రాము వచ్చేది. ఇప్పుడు తులం లక్ష దాటింది. అంటే మీ బాకీ ఏడు వేల పైమాటే. మీ ఆవిడే తక్కువ చెప్పారు.

ఓరుగల్లు పోరడు:
మాస్టారూ, ఆ లెక్కన వాళ్లింటిల్లిపాదీ ఆ రోజు తిన్న భోజనాలకి కూడా ఇప్పటి క్యాటరింగ్ రేటు కట్టాలి కదా! అప్పుడు ఆయనే అన్నకి బాకీ పడతాడు.

సీతాఫలం:
నాకసలు ఆ పుస్తకమే నచ్చదు. మైకులో పేరూ అంకే చదువుతుంటే తక్కువ పెట్టినాయన పాపం విస్తరిలోంచి తలెత్తేవాడు కాదు. అందుకే మా పెళ్లికార్డు మీద "మీ ఆశీస్సులే మాకు కానుక" అని వేయించాం. వచ్చినవాళ్లు అక్షరాలా పాటించారు. మామగారు మూడు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఓరుగల్లు పోరడు:
అక్కా, లెక్క లేనిదెక్కడ? నిజాం కాలంలో ఇంగ్లీషువాళ్ల వంద రూపాయలకి హాలీ సిక్కా (నిజాం సొంత నాణెం) రూపాయలు 116 చిల్లర వచ్చేవి. నూటపదహార్లు అక్కడే పుట్టాయంటారు. నిజమైతే మన ఆశీర్వాదం మారకం రేటులోంచే వచ్చింది.

పాతగుమాస్తా:
దాన్ని అప్పుల పద్దులా చూడకండి, చిట్టీ అనుకోండి. ఊరంతా తలా కాస్త వేస్తే పెళ్లివారికి కిరాణా కొట్టు బాకీ తీరేది. బాబూ గోదారిగట్టూ, మీ పాట అయిపోయింది, ఇప్పుడు వాళ్ల వంతు. ఏమాటకామాటే, మనం పెట్టింది నిద్రలో లేపి అడిగినా చెబుతాం. మనకి పెట్టింది మాత్రం పుస్తకం తీస్తేగానీ గుర్తుకు రాదు. నేనైతే 2116 పెడతాను, భోజనం చేసే వస్తాను.

గోదారిగట్టు:
మీ మాట మీద పుస్తకం మళ్లీ తీశానండి. 516 కింద ఇంకో వరుస ఉంది: "స్టీలు బిందె 1". మా పెరట్లో కుళాయి కింద ఇప్పటికీ ఉన్నది అదే. మా ఆవిడ బిందెల రేటు కనుక్కుని రావడానికి బజారుకి వెళ్లింది.