పిల్లల టీకాల బిల్లులో డాక్టరుకు ఎంత మిగులుతుంది?

చిన్ని_అమ్మ: పాపకి ప్రైవేటు క్లినిక్‌లో ఆరు వారాల టీకాలు వేయించాం. పెయిన్‌లెస్ (నొప్పి, జ్వరం తక్కువుండే డీపీటీ రకం సూది), రోటా (విరేచనాలకి), న్యూమోకాకల్ (న్యుమోనియాకి) అన్నీ కలిపి బిల్లులో ఒకే మొత్తం వేశారు. విడి ధరలు అడిగితే నర్సు మొహం మాడ్చుకుంది. మీకు విడివిడిగా బిల్లు ఇస్తున్నారా? అందులో డాక్టరుకు ఎంత పోతుందో తెలుసా?

గుంటూరోడు: ఆ జబ్బులన్నిటి టీకాలూ పీహెచ్‌సీలో ఉచితమే కదండీ! రోటా ఆంధ్రాలో 2016 నుంచే ఇస్తున్నారు. రోటావాక్ అనే రోటా టీకా తయారయ్యేది మన హైదరాబాద్‌లోనే. డబ్బులెక్కువై వెళ్తారు, తర్వాత ఏడుస్తారు.

చిన్ని_అమ్మ: సర్కారు సూదికి మా పెద్దోడికి రాత్రంతా జ్వరం, తొడ గట్టిపడింది. మీరు పడుకున్నారా పిల్లాడి పక్కన?

మందుల_సూరి: హోల్‌సేల్‌లో పనిచేసినోణ్ణి, నన్నడగండి. ఎమ్మార్పీకీ క్లినిక్‌కి పడే రేటుకీ పొంతనుండదు. ఎక్కువ మిగిలే కంపెనీ సరుకే ఫ్రిజ్‌లోకి ఎక్కుతుంది.

పిల్లల_డాక్టర్: నోటికొచ్చింది రాయకండి. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల్లో ఉంచాలి. కరెంటు పోతే ఇన్వర్టర్, గడువు దాటితే పారేయడం, అంతా మా నెత్తినే. ఫీజు దగ్గరేమో మీరే బేరాలాడతారు.

లాయర్_పద్మ: ఆ ఖర్చు ‘సూది వేసినందుకు ఇంత’ అని విడిగా రాసి తీసుకోండి, ఎవరు కాదన్నారు? కంపెనీల గిఫ్టులు పుచ్చుకోకూడదని డాక్టర్ల మీద అజమాయిషీ చేసిన మెడికల్ కౌన్సిల్ (ఎంసీఐ) 2009లోనే రూలు పెట్టింది. మార్జిన్‌ని గిఫ్టు అనరు కాబట్టి హాయిగా ఉంది.

పిల్లల_డాక్టర్: పెయిన్‌లెస్ వేయమని అడిగేది తల్లిదండ్రులే. కోరింత దగ్గు నుంచి పాత డీపీటీ (సర్కారు సూదిలో ఉండే రకం) రక్షణే ఎక్కువ కాలం నిలుస్తుంది. జ్వరం ఒకట్రెండు రోజుల్లో తగ్గిపోతుంది.

చిన్ని_అమ్మ: ఈ ముక్క మాకు క్లినిక్‌లో ఎవరూ చెప్పలేదే!

గుంటూరోడు: చెప్తే పెయిన్‌లెస్ అమ్ముడుపోవద్దూ.

పిల్లల_డాక్టర్: అందర్నీ ఒకే గాటన కట్టకండి. నేను చెప్తాను.

లక్ష్మి_ఖమ్మం: మా అత్తమ్మ ఆశా వర్కరు. ఏడాదిలోపు బిడ్డకి టీకాలన్నీ పూర్తిచేయిస్తే ఆమెకి కేంద్రం లెక్కలో 100 రూపాయలు. పుస్తకంలో రాసుంటుంది, ఊరందరికీ తెలుసు. డాక్టర్ల లెక్కే దేవరహస్యం.

మందుల_సూరి: వంద రూపాయలకీ దీనికీ పోలికేంటమ్మా.

లక్ష్మి_ఖమ్మం: దాచలేదన్నదే పోలిక. సార్ సరిగా చదవండి.

కొత్త_నాన్న: గొడవ ఆపి ఇది చెప్పండి, ప్రైవేటులో మొదలుపెట్టి పీహెచ్‌సీకి మారొచ్చా? తొమ్మిదో నెల తట్టు టీకాకి వెళ్తే పిల్లలు చాలలేదని తిప్పి పంపారు.

లక్ష్మి_ఖమ్మం: మారొచ్చు, కార్డు తీసుకెళ్లండి. ఎమ్మార్ (తట్టు, రుబెల్లా టీకా) వయల్ ఒక్కటే చాలామంది పిల్లలకి సరిపోతుంది, తెరిచాక నాలుగు గంటల్లో వాడేయాలి, అందుకే పంపించి ఉంటారు. ఏఎన్ఎంకి ముందే ఫోన్ చేసి, బుధవారం పొద్దున్నే వెళ్లండి.